సాయిబుల బిడ్డ

గౌసియా ఊదుతున్న బుడగ చేతిలోంచి జారి, పిట్టగోడ దాటి జ్ఞానాంబ వాకిట్లో పడింది. జ్ఞానాంబ వంగి దాన్ని తీయలేదు. చీపురు కొసతో గోడ దగ్గరికి తోసి, "రహమతూ, మీ సాయిబుల బిడ్డ బుడగ ఈడ పడుండాది, వచ్చి తీసుకో" అని వీధి చివరిదాకా వినిపించేలా పిలిచింది.

అరుగు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్న వసంతమ్మకు ఒళ్ళు మండింది. ఆమె అరవదేశం సరిహద్దులో ఉన్న తడలో పుట్టి పెరిగిన టీచరు. ఆ ఏడాదే చిత్తూరు వచ్చి, రహమత్ బీ ఇంటి ముందుగది అద్దెకు తీసుకుంది.

గౌసియాకు ఐదేళ్ళు. గుండెలో పుట్టుకతోనే రంధ్రం. కాస్త పరుగెత్తితే పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగేవి. గొంతుక్కూర్చుని మోకాళ్ళు వాటేసుకుంటే గానీ ఊపిరి అందేది కాదు. వేలూరు ఆసుపత్రిలో ఆపరేషనుకు రమ్మన్నారు. అంతవరకు ఊపిరితిత్తులు గట్టిపడేలా రోజూ బుడగలు ఊదించమన్నారు. ఆపరేషనయ్యాక దగ్గొస్తే రొమ్ముకు అదుముకోవడానికి చిన్న దిండొకటి కుట్టి తెమ్మన్నారు. గిన్నెలకు కళాయి పూసే ఖలందర్ పని పక్కన పడేసి, కూతురితో పాటు తానూ బుగ్గలు పొంగించి ఊదేవాడు. గౌసియా నవ్వబోయి ఆయాసపడేది. రహమత్ బీ లోపలికి పోయి కళ్ళు తుడుచుకునేది.

జ్ఞానాంబ తీరు వసంతమ్మకు అంతుబట్టలేదు. దిండుకు బూరుగుదూది ఆమే గింజలేరి, ఏకి పంపింది. పొద్దున్నే రాగిజావ కాచి గోడమీద పెట్టేది. బిడ్డ దగ్గరికొస్తే మాత్రం వెనక్కి జరిగిపోయేది. ఒకసారి గౌసియా కొంగు పట్టుకోబోతే విసురుగా లాక్కుని, లోపలికి పోయి తలుపేసుకుంది. ఆ తర్వాత చాలాసేపటిదాకా దొడ్లో నీళ్ళు గుమ్మరించుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆమెకు బిడ్డలు నిలవలేదని వీధిలో చెప్పుకునేవారు. ఒకరి బిడ్డను చూస్తే కడుపుమంటో, సాయిబుల బిడ్డని మైలో, రెండూనో అనుకుంది వసంతమ్మ. రహమత్ బీతో ఆ మాటే అంటే, "ఆయమ్మ బాద ఆయమ్మకుండాదిలే టీచరమ్మా" అని ఊరుకుంది.

అరవం తెలిసిన మనిషి తోడుంటే మేలని వసంతమ్మ సెలవు పెట్టి వాళ్ళతో వేలూరు బయలుదేరింది. తీరా బస్సెక్కితే జ్ఞానాంబ, ఆమె మొగుడు ధనంజయ ముందే వచ్చి కూర్చునున్నారు. రక్తం ఇవ్వడానికి మనుషులు కావాలన్నారు గదా, అందుకే వస్తున్నామన్నాడు ధనంజయ. జ్ఞానాంబ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దారి పొడుగునా బిడ్డ వైపు తల తిప్పలేదు.

ఆపరేషను నాటి పొద్దున గౌసియాకు పచ్చ గౌను తొడిగి తోపుడు మంచం మీద పడుకోబెట్టారు. ఖలందర్ నుదురు నిమిరి పక్కకు తప్పుకున్నాడు. రహమత్ బీ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. నర్సు తలుపు తీసి, ఇంకెవరైనా చూసుకునేదుంటే చూసుకోమని అరవంలో చెప్పింది. వసంతమ్మ ఆ మాటను తెలుగులో చెప్పింది, కావాలనే జ్ఞానాంబ వైపు తిరిగి.

గౌసియా చేతులు చాచింది. "అత్తా, ఒక్కసారి ఎత్తుకో. నాకు బయమైతాంది."

జ్ఞానాంబ చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"నేనెవురే నీకు? సాయిబుల బిడ్డవి నువ్వు. మీయమ్మ ఆడుండాది సూడు."

ఆ గొంతుకు వరండాలో వాళ్ళంతా తలలు తిప్పారు. మంచం లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

వసంతమ్మ ఇక ఆగలేకపోయింది. "మనిషేనా మీరు? తిరిగొస్తుందో రాదో తెలియని బిడ్డ. ఒక్కసారి తాకితే మీ మడి ఏమైపోతుంది?"

జ్ఞానాంబ గోడకేసి తిరిగి నిలబడింది. రహమత్ బీ వచ్చి వసంతమ్మ చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కుపోయింది.

"ఆయమ్మనేమీ అనొద్దు టీచరమ్మా. తాకితే సావుకు తెలిసిపోతాదని ఆయమ్మ బయం. అందుకే మా వీదిలో కూడా ఎవురూ పైకి అనరు."

"ఏం తెలిసిపోతుంది?"

రహమత్ బీ మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"పుట్టినోళ్ళు పుట్టినట్టే పోతావుంటే, ఇదన్నా సావు కంట్లో పడకుండా బతకాలని చేటెడు తవుడుకు దాన్ని నాకమ్మేసిన కన్నతల్లి ఆయమ్మే."