పిలిచినా రానివాళ్ళు

“ఒక్కడు! ఒక్కడంటే ఒక్కడు రాలేదు!”

కార్యదర్శి బల్ల మీద గుద్దిన గుద్దుకు టీ గ్లాసులు గలగలలాడాయి.

కొత్త గది ఇంకా సున్నం వాసన వేస్తోంది. వరసగా వేసిన కుర్చీలు వేసినట్టే ఉన్నాయి. మొదటి వరసలో మాత్రం కార్యదర్శి బావమరిది కాళ్ళు చాపుకుని కూర్చుని, వచ్చేవాళ్ళ కోసం తెప్పించిన బిస్కెట్లు ఖాళీ చేస్తున్నాడు. ఎవరూ రాలేదన్న బాధ అతనొక్కడికే లేదు.

“నేను ముందే చెప్పాను బావా, వాళ్ళకి గదీ వద్దు, చదువూ వద్దని. నా మాట విన్నావా?”

“ఎంత తిరిగానురా దీనికోసం! ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగిపోయాయి. వాళ్ళకంటూ ఒక చోటు ఉండాలి, నాలుగు ముక్కలు నేర్చుకుని తమ కాళ్ళ మీద తాము నిలబడాలి అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. తీరా చూస్తే ఇదీ మర్యాద!”

బల్ల చుట్టూ కూర్చున్న పేట కమిటీలో ఒకే ఒక్క ఆడమనిషి మందుల షాపావిడ. “పనులకి పోయారేమో అన్నయ్యగారూ. వచ్చే ఆదివారం కూడా చూద్దాం,” అంది.

“ఇది మూడో ఆదివారం అమ్మా! మూడుసార్లూ మైకు పెట్టించాను. ఆటో ప్రతి సందూ తిరిగింది. పక్కపేట వాళ్ళు కూడా విని, మమ్మల్నీ రమ్మంటారా అని అడిగారు. ఇంకేం చెయ్యాలి? ఒక్కొక్కరినీ బొట్టుపెట్టి పిలవాలా?”

బావమరిది కిటికీలోంచి వేలు చూపించాడు. రోడ్డుకి అవతల ఇస్త్రీ బండి దగ్గర ఒకతను తల వంచుకుని చొక్కా మడతపెడుతున్నాడు.

“అడుగో, ఆ మహానుభావుణ్ణి చూడండి. ఆటో అతని బండి పక్కనే ఆపించాను. అంత గోలలో తలెత్తి చూస్తే ఒట్టు! పొగరు కాకపోతే ఏమిటది?”

షాపావిడ నమ్మలేకపోయింది. “అతనా? ఈ గోడలు లేస్తున్నప్పుడు రోజూ సాయంత్రం వచ్చి ఊరికే ఇటుకలు మోశాడండీ. మేస్త్రీ కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. నల్లబల్ల బిగించిన రోజు దాని మీద చెయ్యి వేసి ఎంతసేపు నిలబడ్డాడో!”

“మరి ఇవాళ రాడేం? రోడ్డు దాటితే చాలుగా!” అన్నాడు కార్యదర్శి.

అతని తరఫున మాట్లాడి తనే చులకనైపోయినట్టు అనిపించింది షాపావిడకి. ఆవిడకీ అతని మీద కోపం వచ్చింది.

“ఇంక తేల్చెయ్యి బావా,” అన్నాడు బావమరిది, ఒళ్ళో పడిన బిస్కెట్ పొడి దులుపుకుంటూ. “మా క్యారమ్ బోర్డులు సిద్ధంగా ఉన్నాయి. సాయంత్రానికల్లా గది కళకళలాడిపోతుంది.”

“అంతే. అడగనివాళ్ళకి వడ్డించడం మనదే బుద్ధితక్కువ. క్యారమ్స్‌కి ఇచ్చేద్దామన్నవాళ్ళు చేతులెత్తండి.”

చేతులు లేచాయి. కాస్త ఆలస్యంగానైనా షాపావిడ చెయ్యి కూడా లేచింది.

అప్పుడొచ్చింది టీచరమ్మ, ఆయాసపడుతూ. ఆ గదిలో చదువు చెప్పడానికి వేరే ఊరినుంచి కుదుర్చుకున్న అమ్మాయి. ఆ రోజే పనిలో చేరాలి.

“క్షమించండి సార్, బస్సు దారిలో ఆగిపోయింది. అరే, ఎవరూ రాలేదేం?”

“రారమ్మా. వాళ్ళకి అక్కర్లేదట. గది వేరేవాళ్ళకి ఇచ్చేశాం. నువ్వు కూడా తిరుగు బస్సు చూసుకోవడం మంచిది.”

“అక్కర్లేదని చెప్పారా?”

“చెప్పడమెందుకు? రాకపోతే తెలియదూ?”

“మీరెలా పిలిచారు?”

“మైకులో! పేటంతా దద్దరిల్లేలా!”

టీచరమ్మ చేతిలోని సంచీ కింద పెట్టింది. ఆమె ముఖం ఎర్రబడింది. “ఈ గది ఎవరికోసం కట్టారో మీకసలు గుర్తుందా సార్?” అంది.

కార్యదర్శికి ఒళ్ళు మండిపోయింది. ఇవాళ బస్సు దిగిన పిల్ల, ఇన్నేళ్ళుగా పేటకి సేవచేస్తున్న తనని నిలదీయడమా! కుర్చీలోంచి లేచి, కమిటీ అంతా వినేలా గొంతు పెంచాడు.

“చెవిటివాళ్ళ కోసం!”