ఖండించే చాచా

“చాచా, జర గీ మైకు దిక్కు చూసి ఖండించు. రెండు నిమిషాలల్ల పోత,” అన్నాడు లోకల్ చానల్ రిపోర్టర్ సిద్ధు.

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర కూలర్లు బాగుచేసే అక్బర్, చేతిలో కూలర్ గడ్డి పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

“ఇయ్యాల ఏమైంది బేటా?”

“ఏదో దేశంల రైల్వే స్టేషన్‌ల బాంబు పేలింది. దాని పేరు నాకు సుత నోరు తిరుగుతలేదు. నువ్వు ‘ఆ దేశంల’ అను, సాలు.”

అక్బర్‌కు ఇది కొత్త కాదు. ప్రపంచంలో ఏ మూల ఏం పేలినా సిద్ధు మోటార్ సైకిల్ వచ్చి ఈ దుకాణం ముందే ఆగుతుంది. ఖండించడంలో అక్బర్ చెయ్యి తిరిగిన మనిషి. ‘ఇది మానవత్వానికే మచ్చ’ అని తడుముకోకుండా చెప్పేసి, మళ్లీ మోటారుకు వైరు చుట్టుకుంటాడు. పక్కనే కుండలు, రంజన్లు అమ్మే రాజక్కకు మాత్రం, పాపం, ఇంతవరకు ఆ భాగ్యం దక్కలేదు.

“నన్నడుగవేంది పిలగా? నేను సుత ఖండిస్త,” అంది రాజక్క.

“నువ్వు ఖండించకున్నా ఎవ్వలు పరేషాన్ కారక్కా,” అన్నాడు సిద్ధు కెమెరా సర్దుకుంటూ.

ఎన్నడూ ఎదురు చెప్పని అక్బర్ ఈసారి మైకును పక్కకు నెట్టాడు.

“ఇయ్యాల నాదొక యుద్ధమున్నది బేటా. ముందుగాల అది చెప్త.”

“నీదేం యుద్ధం చాచా?”

“సూడాన్. మా అల్లుడు తౌసీఫ్ గక్కడ సబ్బుల కంపెనీల ఫిట్టర్. ఊరి మీద బాంబులు పడుతున్నయని ఫోన్ల మాట రికార్డు చేసి పంపిండు. గంతే, మల్ల ఫోన్ కలుస్తలే. నా బిడ్డ అంబ్రీన్ బువ్వ ముడుతలే. ఆఫీసుల పొంటి తిరిగిన. టీవీల వస్తెనే ఫైలు కదులుతదన్నరు.”

సిద్ధు ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. “సూడాన్‌ల యుద్ధమైతుందా?”

“ఏండ్ల సంది అయితుంది.”

సిద్ధు చానల్ ఇన్‌చార్జికి ఫోన్ చేశాడు. అవతలి గొంతు రాజక్క కుండల దాకా వినిపించింది.

“ఏ యుద్ధం? అది మన దగ్గర నడుస్తలేదు. జనం ఒక్కపాలి ఒక్క యుద్ధమే చూస్తరు. చాచాతోని ఖండన తీస్కొని జల్ది పంపు.”

సిద్ధు చెడ్డవాడు కాదు. ఫోన్ జేబులో పెట్టుకొని మధ్యేమార్గం చెప్పాడు. “ముందు ఖండించు చాచా. దాని తోకకు మీ అల్లుని ముచ్చట నేనే కడ్త.”

అక్బర్ ఖండించాడు. అలా ఇలా కాదు, ఆ రైల్వే స్టేషన్ తన సొంత ఇల్లయినట్టు ఖండించాడు. ఆ ఊపుకు రాజక్క చప్పట్లు కూడా కొట్టింది. ఆ తర్వాత అతని గొంతు మారిపోయింది.

“మా అల్లుడు తౌసీఫ్ సూడాన్ యుద్ధంల ఇరుక్కున్నడు. సార్లూ, చేతులు జోడిచ్చి అడుగుతున్న. పిల్లగాన్ని ఎట్లన్న చేసి ఇంటికి తోలియ్యుండ్రి.”

ఇది మాత్రం అతనికి అలవాటైన మాట కాదు. రెండుసార్లు తడుముకొని చెప్పాడు.

సాయంత్రం తండ్రీ కూతుళ్లు టీవీ ముందు కూర్చున్నారు. ఖండన మొత్తం వచ్చింది, ఒక్క ముక్క పోలేదు. తౌసీఫ్ ఊసు రాలేదు. చివరికి తెర కింద పరుగెత్తే అక్షరాల్లో, బంగారం ధరకూ వాన కబురుకూ మధ్య, ఒక్కసారి కనిపించింది: ‘సూడాన్ యుద్ధంలో అల్లుడు: కూలర్ల అక్బర్.’

“అబ్బా, వచ్చింది! వచ్చింది!” అంబ్రీన్ ఏడుస్తూనే నవ్వింది. చాలా రోజులకు కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నది.

తెల్లారేసరికి ఇంటి ముందు పోలీసు జీపు ఆగింది. హెడ్ కానిస్టేబుల్ సిద్దిరాములు దిగాడు. టీవీ మహిమ ఇంతటిదా అని అక్బర్ పొంగిపోయి, భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడిచి వేశాడు.

“టీవీల చూసి వచ్చిండ్రా సాబ్?”

“మా పెద్దసాబ్ చూసిండు. చూసుడు చూసుడే నన్ను తోలిండు.”

“అంటే ఫైలు కదిలినట్టే!”

“కదిలింది, కదిలింది. అల్లుని ఫొటో తియ్యి.”

అంబ్రీన్ చాయ్ ఇచ్చి, పాస్‌పోర్టు జిరాక్స్ ఇచ్చి, పెళ్లి ఫొటో కూడా తెచ్చి ఇచ్చింది. అందులో అయితే ముఖం బాగా కనబడుతుందని, వెతకడానికి వీలవుతుందని ఆమె ఆశ. సిద్దిరాములు అన్నీ శ్రద్ధగా చూశాడు. తౌసీఫ్ పంపిన మాటలు వినిపించమన్నాడు. వెనక ధన్ ధన్ మని చప్పుళ్లు, మధ్యలో దిగులు పడొద్దని ‘అబ్బూ, ఫికర్ నక్కో కరో’ అంటూ వణికే గొంతు. మళ్లీ పెట్టమని ఇంకోసారి విన్నాడు. ఇన్నాళ్లకు ఒక్క మనిషైనా తన భర్త మాట చివరిదాకా విన్నాడని అంబ్రీన్ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఎప్పుడు తెస్తరు సాబ్, పిల్లగాన్ని?” అడిగాడు అక్బర్.

సిద్దిరాములు చాయ్ పూర్తిగా తాగి కప్పు కింద పెట్టాడు. అంబ్రీన్ ఫోన్ తీసి తన జేబులో వేసుకున్నాడు.

“తెచ్చుడు సంగతి తర్వాత అక్బర్‌భాయ్, నడువు, ఠాణాల కూసొని మాట్లాడుదం. గా సూడాన్‌ల యుద్ధమైతుందని నాకు తెల్వది, మా పెద్దసాబ్‌కు తెల్వది, నిన్నటిదాక ఏ టీవీల రాలే. మరి నీకొక్కనికే ఎట్ల తెలిసింది?”