ఐయోనా దారి

“ఇదిగో, మళ్ళీ దొరికింది,” అంది కొరిన్, బూటు మొనతో నేల చూపిస్తూ. గులకరాళ్ళ మధ్య రెండు చక్రాల చాళ్ళు, కాస్త పల్లంగా, చూడగా చూడగా కనిపిస్తున్నాయి.

వెండెల్ చేతికర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు. “నీవి డేగ కళ్ళే అమ్మాయ్,” అన్నాడు. మెచ్చుకోలులో ఉత్సాహం లేదు.

మోకాళ్ళ నొప్పి కాబోలనుకుంది కొరిన్. చనిపోయే ముందు ఐయోనా అత్తయ్య మామయ్యను అడిగింది ఒక్కటే. “వానలు వెలిశాక వెళ్ళి నా దారి ఎలా ఉందో చూసిరా వెండెల్.” సెలవు దొరికితే చాలు, చిన్న పార, తోలు చేతితొడుగులు, తినడానికి రెండు బరీటోలు సర్దుకుని ఆవిడ ఈ మొహావీ ఎడారికే వచ్చేది. చెరిగిన బాటలు పట్టడంలో కొరిన్‌ది అందెవేసిన చెయ్యి. అత్తయ్య దారి కొసదాకా చూపించనిదే మామయ్యను వెనక్కి తీసుకెళ్ళకూడదని ఆమె పంతం.

“మొదట్లో పడి ఉన్న బోర్డు చూశావా మామయ్యా? తూటాలతో జల్లెడ చేశారు. ‘బండ్లు రాకూడదు’ అన్నంతవరకే మిగిలింది.”

“పాతినప్పుడల్లా కాల్చేవాళ్ళు. మర్నాడే మోటారు సైకిళ్ళు దిగేవి.”

కొంచెం దూరంలో చాళ్ళు మళ్ళీ మాయమయ్యాయి. అక్కడ ఎండు పొదలు నిలువుగా నిలబడి ఉన్నాయి. కొరిన్ ఒకదాన్ని కదిపింది.

“వేరు లేదు దీనికి. ఎలా నిలబడిందో.”

“లాగకు. ఉండనీ.”

ఆ పొద నీడలో గడ్డి మొలిచింది. గడ్డిలో గోరంత పసుపు పువ్వు. వెండెల్ దానివైపు, గుడిలో దీపాన్ని చూసినట్టు చూశాడు.

ఇంకాస్త ముందు కుడిచాలు బయటపడింది. దాని నట్టనడుమ అర్ధచంద్రాకారంలో ఓ బొరియ.

“తాబేలు! పోయి పోయి నడిదారిలో ఇల్లు కట్టింది, తెలివితక్కువది.”

“ఇది దారని దానికి తెలీదుగా,” అన్నాడు వెండెల్. ఆ రోజు అతను నవ్వడం అదే మొదలు.

బొరియ దాటాక నేలంతా ఒక్కటే అయిపోయింది. కొరిన్ ఎడమకు వెళ్ళింది, కుడికి వెళ్ళింది, బండెక్కి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. కొండ మొదలుదాకా పొదలూ రాళ్ళూ, ఎవరూ ఎప్పుడూ తొక్కనట్టు. దిగొచ్చి తల వంచుకుంది.

“దారి పోయింది మామయ్యా. ఏమీ అనుకోకు.”

“నీకు కూడా కనిపించలేదా?”

“లేదు.”

“బాగా చూశావా?”

“ఇక్కడ దారుండేదంటే నేనే నమ్మను.”

వెండెల్ టోపీ తీశాడు. కళ్ళు తుడుచుకుని, జేబులోంచి ఆవిడ అరిగిన తోలు చేతితొడుగులు తీసి, బండమీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని ముఖం వెలిగిపోతోంది.

కొరిన్‌కు భయం వేసింది. “అత్తయ్య దారి పోతే నవ్వుతావేంటి?”

“దాన్ని చెరిపింది మీ అత్తయ్యే. బండ్లకు దారి కనిపించకూడదని ఆ వేరులేని పొదలన్నీ తనే పాతింది.”