దాచిన కాలు

"ఒసే చిన్నతల్లీ! జీపు మన సందులోకే తిరిగింది. బేగా రాయే!"

సత్యారావు మంచం మీద కూలబడి మోకాలి దగ్గర పట్టీలు ఊడదీస్తున్నాడు. సరిహద్దులో మందుపాతర పేలిన రోజున కూడా ఈ మాజీ సిపాయి ఇంతలా బెదరలేదు. భార్య చిన్నతల్లి పెట్టుడు కాలు అందుకుని పరిగెత్తి, పశువులశాలలో చెరుకాకు మోపు కింద కుక్కి వచ్చింది.

పొద్దున్నే మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపులో రోలుగుంట బంగార్రాజు గొంతు మోగింది మరి. "ఆఫీసరు ఇంటింటికీ వస్తన్నాడర్రా! కాలు పెట్టుకుని నడిస్తే నువ్వు వికలాంగుడివే కాదంటాడు. పింఛను కోసేస్తాడు. జాగర్త!"

"తప్పు కదే? గౌరీశంకర్ తన ట్రస్టులోంచి ఆ కాలు ఎంత పేమగా ఇచ్చేడు!" అన్నాడు సత్యారావు.

"పేమ కూడెడతాదేటి? పింఛను పోతే ఏటి తింటాం? నోరు మూసుకుని కూకో."

ఆఫీసరు శ్యాంప్రసాద్ ఫైలుతో లోపలికి వచ్చాడు. నమస్కారం పెట్టి, సత్యారావు పంచె వైపు చూశాడు.

"పెట్టుడు కాలు ఉందాండీ?"

"నేదు బాబూ."

"మరి గుమ్మంలో ఆ బూట్లు? రెండింటికీ బురదుంది."



"అయి నావి బాబూ," చిన్నతల్లి అందుకుంది. "పొలానికి తొడుక్కెళ్తాను. పాములు కదా!"

శ్యాంప్రసాద్ ఆమె పాదాల వైపు చూశాడు. ఫైలు తెరిచాడు.

"గౌరీశంకర్‌గారి ట్రస్టు మీకేమీ ఇవ్వలేదా? బాగా ఆలోచించుకుని చెప్పండి."

సత్యారావుకి కాలు ఇచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ మహానుభావుడు తన ముందు నేల మీద కూర్చుని, స్వయంగా పట్టీలు బిగించి, చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఎదురుగా చిన్నతల్లి కళ్లురుముతోంది.

"నేదు బాబూ. ఏటీ ఇవ్వనేదు."

"అయితే ఇక్కడ సంతకం చెయ్యండి."

చేశాడు. సిగ్గుతో చచ్చిపోతూ చేశాడు.

శ్యాంప్రసాద్ ఫైలు మూసి లేచాడు. గండం గడిచిందని చిన్నతల్లి ఊపిరి పీల్చుకుంది. సత్యారావు మాత్రం ఉండబట్టలేక అడిగాడు.

"మరి... నా పింఛను ఆగదు కదా బాబూ?"

"పింఛనా? దాంతో నాకేం పనండీ? నేనొచ్చింది ట్రస్టు సంగతి తేల్చడానికి," అంటూ శ్యాంప్రసాద్ గుమ్మంలోనే ఫోను తీశాడు. "సార్, ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటుతో తొమ్మిది మంది మాజీ సైనికులకి కాళ్లు పెట్టించామని ఆ గౌరీశంకర్ రాసిచ్చాడు కదా? తొమ్మిదిళ్లూ తిరిగాను, ఒక్కరికీ కాలు లేదు. అరెస్టు చేయించండి."