పందొమ్మిది సున్నా ఏడు

“నా కోడ్ కొడితే చెల్లదంటాంది ఫోన్. నువ్వే బంద్ చేసినవా నవతా?” మేనేజర్ దేవదాస్ బల్ల చరిచాడు.

మట్టెవాడలో చీరల హోల్‌సేల్ ఆఫీసు అది. సాయంత్రం దాకా అందరి సెల్‌ఫోన్లూ సేటు బీరువాలోనే ఉంటాయి. ఆఫీసు ఫోన్‌లో ఎవరి కోడ్ వాళ్లు కొట్టనిదే బయటికి లైన్ దొరకదు. మొన్ననే సేటు ఆ కోడ్ల పని నవతకు అప్పగించాడు.

“బంద్ చెయ్యలే సార్. మీది మార్చిన.”

“జర జల్ది చెప్పు. పొద్దున బిడ్డను డెలివరీకి తీస్కపోయిన్రు. ఏమైందో ఏమో!”

‘ఏమైందో ఏమో’ అని ఒకప్పుడు ఇదే బల్ల ముందు నవత అంది. తల్లి కోసం.

“పందొమ్మిది, సున్నా ఏడు.”

“యాదికుండేటిది ఇయ్యరాదు?”

“ఇది యాదికుంటది సార్. జులై పందొమ్మిది. దవాఖానకు మాటిమాటికి ఫోన్ చేస్తున్ననని మీరు నా కోడ్ బంద్ చేసిన్రు. మా అమ్మ నేనేదని అడుక్కుంటనే పానం ఇడిసింది. ఇగ మీరు ఎవలికి ఫోన్ చేసినా ఆ తారీఖు కొట్టే చెయ్యాలె.”

దేవదాస్ వేలు ఒకటి నొక్కింది, తొమ్మిది నొక్కింది. సున్నా మీద ఆగిపోయింది.

“కొట్టుండ్రి సార్,” అంది నవత. “మీకు లైన్ దొరుకుతది.”