అంచు కుట్టిన బట్ట

గేటు దగ్గరి మనిషి బెల్లు కొట్టలేదు. ముంజేతులు గోక్కుంటూ నిలబడ్డాడు.

శోభ తలుపు సగమే తీసింది.

“ఎవలు గావాలె?”

“జగదీశ్వర్ సార్ ఇల్లు ఇదేనా అక్కా?”

“ఇదే. సార్ లేడు. హైదరాబాద్ పోయిండు.”

“ఎరుకే. కస్టమ్సోళ్ల పంచాయితికి గదా.”

శోభ చెవులు నిక్కాయి. ఇంటి గుట్టు గేటు బయటి వాడికి ఎట్లా తెలిసింది?

పంచాయితీ చిన్నది కాదు. శోభ మొగుడు జగదీశ్వర్ గోదావరిఖనిలో ఉంటూ, కరెంటు ప్లాంటులో ఆవిరి పైపులకు చుట్టే గాజు బట్ట సప్లై చేస్తాడు. గాజును దారంగా తీసి నేసిన తెల్లటి బట్ట. నిప్పుకు కాలదు గానీ ఒంటికి తగిలితే గోకించి చంపుతుంది.

ఈసారి చైనా నుంచి తెప్పించిన తానులు హైదరాబాద్ కంటైనర్ డిపోలో ఆగిపోయాయి. పోగులు ఊడకుండా ఫ్యాక్టరీవాళ్లు అంచులు కుట్టి పంపారు. అంచు కుట్టారు కాబట్టి ఇది బట్ట కాదు, తయారైన వస్తువు, దీని పద్దు వేరు, సుంకం వేరు అంటాడు ఆఫీసరు.

“చీరకు పీకో చేపిస్తె జాకెట్టయితదా?” అని శోభ మొగుడితో ఫోనులోనే వాదించింది. కేసు ఆమెకు అప్పజెప్పి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. హోంసైన్సు ఊరికే చదివిందా? కానీ వాళ్లు పిలిచింది జగదీశ్వర్‌ని.

విచారణ రేపే. ఓడితే సరుకు కదలదు. మరమ్మతుల షట్‌డౌన్ నాటికి ప్లాంటుకు అందకపోతే జగదీశ్వర్ పేరు బ్లాక్ లిస్టులోకి పోతుంది. ఇంకే పనీ రాదు.

ఇదంతా ఎవరు పెట్టిన చిచ్చో శోభకు అనుమానమే లేదు. టెండర్లో ఓడిపోయిన ఎల్లేశం. ఆమె అతన్ని ఎన్నడూ చూడలేదు. తిట్టడానికి చూడాల్సిన పనేముంది?

“ఏం పని నీకు?”

“నిరుడొచ్చిన గాజు బట్ట ముక్క ఒకటి ఇయ్యున్రి అక్కా, అంచుతోటి. రేపటికి...”

శోభ చూపు అతని చేతుల మీద పడింది. మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు. గాజు బట్టలో చేతులు పెట్టినవాడి దురద ఆమెకు తెలియంది కాదు. ఈ ఊళ్లో ఆ వ్యాపారం చేసేది ఇద్దరే. ఒకరు తన మొగుడు.

టీవీ సీరియల్లో పోలీసుల కన్నా తానే నయమనుకుంది.

“ఎల్లేశం పంపిండా నిన్ను?”

“ఎవలు పంపలేదక్కా. నేనే వచ్చిన.”

“అబద్ధాలాడకు! నీ చేతులే చెప్తున్నయి. సామాన్ ఆపిచ్చింది సాలలేదా? ఇంట్ల ముక్క గూడ ఎత్కపోయి ఇంకో పిటిషన్ ఏస్తడా?”

“గది గాదక్కా, నిరుడు...”

“నిరుడు లేదు, మొన్న లేదు! మీ ఎల్లేశంకు చెప్పు. మా ఉసురు తాకి ఆనింట్ల పొయ్యి ఆరిపోతదని చెప్పు. దమ్ముంటె టెండర్ల గెలువుమను, ఇండ్ల మీదికి దొంగలను తోలుడు గాదు.”

ఎదురింటి సమ్మవ్వ బియ్యం చాటతో వాకిట్లోకి వచ్చింది. వినేవాళ్లు దొరికేసరికి శోభ గొంతు ఇంకో మెట్టెక్కింది.

అతను తల దించుకొని అంతా విన్నాడు.

“గట్లనే చెప్తక్కా. జెర నీళ్లిస్తె చేతులు కడుక్కుంట. మంటలు లేస్తున్నయి.”

“బజార్ల బోరింగ్ ఉన్నది, పో.”

తలుపు ధన్‌మంది.

“మంచిగ దులిపినవ్ బిడ్డా,” అంది సమ్మవ్వ.

ఆ సంగతి శోభ మొగుడికి ఫోనులో చెప్పలేదు. విచారణ ముందర మనసు పాడుచెయ్యడమెందుకు? తన వీరగాథ ఇంటికొచ్చాక, కొంచెం ఉప్పూ కారం దట్టించి తీరిగ్గా చెప్పొచ్చు.

విచారణ ముగిసిన మర్నాడు జగదీశ్వర్ నవ్వుకుంటూ వచ్చాడు.

“ఒడిసింది శోభా! సామాన్ ఇడిసిపెట్టిన్రు.”

“పీకో ముచ్చట చెప్పినవా?”

“చెప్పిన. ఆఫీసర్ నవ్వలే.” కుర్చీలో చేరగిలబడ్డాడు. “ఇగ పనైపోయిందనుకున్న. గప్పుడే ఒకాయన లోపటికొచ్చిండు. నిరుడు ఆయన గూడ గదే ఫ్యాక్టరీ నుంచి తెప్పిచ్చిండు. గదే బట్ట, గదే అంచు కుట్టు. నిరుటి కస్టమ్స్ కాయితంతోటి టేబుల్ మీద పరిచి, ‘నిరుడు బట్ట అని ఇడిసిపెట్టిన్రు, గిప్పుడెట్ల గాదు సార్?’ అన్నడు. ఆఫీసర్ రెండు పక్కపక్కన పెట్టి చూసిండు. బట్టనే అని ఒప్పుకున్నడు.”

“దేవుని లెక్క వచ్చిండు! ఎవలాయన?”

“మనింటికి గూడ వచ్చిండట గదా?”

శోభ చూపు గేటు వైపు పోయింది.

“ఆయన కాడ ముక్కలేం మిగల్లేదట. బట్టంత పైపులకు తొడిగే పరుపులు కుట్టిచ్చిండు. పొద్దంత గోదాం లెంకి, నిరుడు ఫ్యాక్టరోళ్లు మనకు పంపిన సాంపిల్ ముక్కన్న మనింట్ల దొరుకుతదేమోనని వచ్చిండట. ఈడ గూడ దొరకకపోయేసరికి, ప్లాంటుకు ఇయ్యవలసిన పరుపునే కోసి, కుట్లు ఊడదీసి, ఆ బట్ట వట్టుకొని రైలెక్కిండు.”

“నా గురించి... ఏమన్నడు?”

“పాపం అక్క ఇల్లంత లెంకింది, చాయ్ తాగితె గని పోనియ్యలే అన్నడు. శబ్బాష్ శోభా! ఇజ్జత్ నిలబెట్టినవ్.”

ఎదురింటి వాకిట్లోంచి సమ్మవ్వ ఇటే చూస్తోంది. శోభ లేచి తలుపు దగ్గరికి వేసింది. చెప్పాలనుకున్న వీరగాథను అక్కడే మింగేసింది. మొగుడి మొహం చూడలేక గోడవైపు తిరిగింది.

“ఎందుకు చేసినవన్నా గింత అని అడిగిన,” అంటున్నాడు జగదీశ్వర్, తన ధోరణిలో. “‘టెండర్ల మళ్ల కొట్లాడుకుందాం తియ్, గని బట్టను బట్ట గాదంటె ఎట్ల ఊకుంట’ అన్నడు ఎల్లేశమన్న.”