ఉడకని కూర

అద్దె ఇళ్ళన్నిటికీ వాసన పసిగట్టే మిషన్లు బిగించిన ఏడాది అది. హాస్టల్ నుంచి కూతురు హెప్సిబా వచ్చిందని సుగుణమ్మ పెద్దకూర తెచ్చి సన్నసెగ మీద పెట్టింది. మూడు గంటలు ఉడికితేగానీ ఆ గొడ్డుమాంసం ముక్క మెత్తబడదు.

గంటకే వంటింటి గోడమీది మిషన్ అడిగింది. "ఏం వండుతున్నారు?"

"పప్పండీ," అంది సుగుణమ్మ.

పొయ్యి దానంతటదే ఆరిపోయింది. ఎంత తిప్పినా మళ్ళీ వెలగలేదు.

సగం ఉడికిన ముక్కల్నే తల్లీకూతుళ్ళు అన్నంలో కలుపుకుని, దవడలు నొప్పెట్టేదాకా నమిలారు.

"గట్టిగా ఉందా తల్లీ?"

"బాగుందమ్మా. కానీ ఇంకెప్పుడూ వండకు," అంది హెప్సిబా తల దించుకుని. "హాస్టల్ గేటు దగ్గర కూడా ఈ మిషనే పెట్టారు."

సుగుణమ్మ వంగి కూతురి జుట్టు వాసన చూసింది. తలంటడానికి లేచింది.